షావ్‌మన్ చనిపోయిన సంవత్సరం

"వినపడుతోందా అమ్మా? లేక గోడతో మాట్లాడుతున్నానా?"

షౌతియన్ గొంతు వీధిలోకి పోతోంది. అతని భార్య వాన్‌జెన్ గబుక్కున లేచి వీధి తలుపు దగ్గరికి వేసింది. ఇవాళ ఈ ఇంట్లో ఎవరు తుమ్మినా ఊరంతా వింటుంది.

ముసలావిడ కొడుకు వంక చూడలేదు. ముంగిట్లో పొట్టి పీట మీద కూర్చుని, చేటలోని ఎండు చిలగడదుంప ముక్కల్లో బూజు పట్టినవి ఏరుతోంది. తెల్లారి పోసిన జొన్న జావ గిన్నె ముట్టుకోకుండా పక్కనే ఉంది. జావ మీద తొరక కట్టింది.

చుట్టుపక్కల ఊళ్ళని కలిపి పార్టీ నడిపే కమ్యూన్‌కి ప్రచార బృందం నాయకుడు పాంగ్ అప్పుడే సైకిలెక్కి వెళ్ళాడు. అతను వేడినీళ్ళు తాగిన కప్పు ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని తీసి కడగడానికి కూడా వాన్‌జెన్‌కి చేతులు రాలేదు.

"రేపు సభ. కమ్యూన్ కార్యదర్శి స్వయంగా వస్తున్నాడు. ఆయన ముందు నువ్వు మాట సరిదిద్దుకుంటే సరేసరి. లేదంటే నీ చేత అలా మాట్లాడించింది ఎవరో చెప్పమంటారు. అప్పుడెవరి పేరు చెబుతావు?" అన్నాడు షౌతియన్.

ముసలావిడ ఒక ముక్క వాసన చూసి పక్కన పడేసింది.

"నువ్వు చెప్పకపోయినా వాళ్ళే రాసుకుంటారు. ఎవరి పేరు రాస్తారో నేను చెప్పనా?"

అతను వేలెత్తి చూపించలేదు. చూపించాల్సిన పనీ లేదు. ఆ ఇంట్లో భూస్వామి కూతురు ఒక్కతే ఉంది. ఆమె తలుపుకి ఆనుకుని నేల చూపులు చూస్తోంది.

ఇదంతా మొన్న కమ్యూన్ బడిలో మొదలైంది. విముక్తికి ముందు, అంటే పార్టీ వచ్చి భూస్వాముల భూములు లాక్కోక ముందు, పేదలు పడ్డ పాట్లు చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకునే సభలని అక్కడ చేదు సభలంటారు. చేదు చెప్పడంలో షౌతియన్ తల్లి, గెంగ్ వారి ముసలమ్మని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అడుక్కుతిన్న వీధులూ, భూస్వామి కుక్క పీకిన పిక్కా ఆమె చెబుతుంటే మగవాళ్ళు కూడా ముక్కు చీదుకునేవాళ్ళు. ఆమెని వెతికి పట్టుకుని వేదికలెక్కించింది పాంగే.

మొన్న మైకు ముందు హెడ్మాస్టరు, "పెద్దమ్మా, నీ బతుకులో అన్నిటికన్నా చేదు రోజేది?" అని అడిగాడు. ముందు వరసలో రెండు పిలకల పిల్ల ఒకతి ముసలమ్మని చూసి నవ్విందట. ఆమెకి ఏం తోచిందో ఏమో, అడిగినదానికి నిజం చెప్పేసింది.

"భూస్వాముల రోజుల్లో అడుక్కుంటే గరిటెడు గంజయినా దొరికేది బాబూ. ఊరంతా కలిసి తినే సామూహిక వంటశాల పొయ్యి ఆరిపోయిన ఏడు, అడుక్కోవడానికి ఊరు కూడా దాటనివ్వలేదు. అప్పుడే మా షావ్‌మన్ పోయింది. ఐదేళ్ళది."

ఆమె చెప్పింది విముక్తి తరవాతి సంగతి. హెడ్మాస్టరు గబగబా నినాదం ఎత్తుకున్నాడు. కానీ మైకులో పోయిన మాట వెనక్కి రాదు కదా.

షావ్‌మన్ వాన్‌జెన్ బిడ్డ.

పదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయింది. మొన్న బడి గోడ బయట మిగతా ఆడవాళ్ళతో నిలబడి ఉండగా లౌడుస్పీకర్లోంచి బిడ్డ పేరు వినపడింది. వాన్‌జెన్‌కి భయం తరవాత వేసింది. ముందు సంతోషం కలిగింది. బిడ్డ ఒకప్పుడు ఉండేదని ఒక మనిషి నలుగురిలో అన్నది, అంతే ఆ సంతోషం. ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే పిచ్చిదంటారు.

"ఏం చెప్పమన్నాడో మళ్ళీ చెప్పు," అంది ముసలావిడ. పొద్దున్నుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు.

షౌతియన్‌కి ప్రాణం లేచొచ్చింది. తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "పెద్ద వయసు కదమ్మా, ఏళ్ళు కలిసిపోయాయి అనాలి. షావ్‌మన్ నీ కూతురు. నా చెల్లెలన్నమాట. విముక్తికి ముందు పెద్ద కరువొచ్చిందే, అప్పుడు పోయింది."

"ఎలా పోయింది?"

"ఆకలికి. భూస్వామి గింజలు అప్పివ్వలేదు."

"ఏ భూస్వామి?"

షౌతియన్ చేటలోంచి ఒక ముక్క తీసి విరిచాడు.

"ఏ భూస్వామిరా?"

"పేరుండాలన్నాడు పాంగ్. ఊరికే భూస్వామి అంటే జనం నమ్మరట. పైగా మొన్నటి మాట జనం నోళ్ళలోంచి తుడిచేయాలంటే గట్టిగా ఉండాలట." అతను భార్య వైపు చూసి చూడనట్టు చూశాడు. "షెన్."

షెన్ వాన్‌జెన్ తండ్రి.

ముసలావిడ చేట కింద పెట్టింది. ముందు దగ్గొచ్చిందనుకున్నారు. తీరా చూస్తే నవ్వుతోంది.

"అంటే, నా కోడలి తండ్రి నా కోడలి బిడ్డని నా కోడలికి పెళ్ళి కాకముందే చంపేశాడు. బాగుందిరా. పాంగ్‌కి ఇంత బుర్ర ఉందనుకోలేదు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడుపంతా వాళ్ళ సభలకే అయిపోయింది నాయనా. మిగిలింది ఇదే."

"వాన్‌జెన్ కూడా వేదికెక్కాలి. తనకప్పుడు తొమ్మిదేళ్ళనీ, కళ్ళారా చూశాననీ చెప్పాలి. తండ్రితో ఇక సంబంధం లేదని గీత గీసుకోవాలి. అలా అయితే ఈ సంగతి ఇక్కడితో ఆగిపోతుందని మాటిచ్చాడు."

"నన్ను అడిగావా?" అంది వాన్‌జెన్.

షౌతియన్ ఉలిక్కిపడ్డట్టు తిరిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని నిలదీసి ఎరగదు.

"అడగడానికి ఏముంది? నీ కోసమే కదా ఇదంతా. కాగితాల్లో మా ఇంటి వర్గ ముద్ర పేద రైతు ముద్ర. నాకేం ఇబ్బంది లేదు. అమ్మకీ అంతగా లేదు. ముసలిదని వదిలేస్తారు. పట్టుకునేది నిన్ను. ఆ తరవాత మన పిల్ల హుయ్‌లాన్‌ని."

"హుయ్‌లాన్ నాన్నా, అది నీ బిడ్డ కూడా."

"ఏది?"

"షావ్‌మన్."

అతని మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. లేచి నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి ముంతెడు నీళ్ళు గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "నాకు పంపు దగ్గర పనుంది," అని వెళ్ళిపోయాడు. అతనెప్పుడూ అంతే, మాట బరువెక్కేసరికి పని గుర్తొస్తుంది.

తలుపు తీసి అతను బయటికి వెళ్తుంటే హుయ్‌లాన్ లోపలికి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. చేతికి ఎర్ర పట్టీ, ఉతికి ఉతికి వెలిసిన పచ్చ కోటు. పట్నం నూలు మిల్లులో పనికి ఊళ్ళోంచి ఎంపికైన ఒకే ఒక్క పిల్ల. మూడు తరాల వర్గ చరిత్ర చూసే తనిఖీ ఒక్కటీ గట్టెక్కితే ఈ బురద కాళ్ళ బతుకు తప్పుతుంది.

"రేపటి పిండి మన ఇంటి వంతట. తవుడూ ఆకూ పంపించారు," అని సంచి కింద పెట్టింది. చేదు సభలో పాత ఆకలి గుర్తుకి అందరూ తినే పొట్టు ముద్దలకి అది.

ఆమె తల్లినీ నాన్నమ్మనీ మార్చి మార్చి చూసింది.

"ఒప్పుకున్నారా?"

"నీకెవరు చెప్పారు?" అంది వాన్‌జెన్.

"పాంగ్ నన్నే పిలిచి చెప్పాడు. నాన్న నచ్చచెప్పలేకపోతే నువ్వు చెప్పు అన్నాడు. నాన్నమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఒక్క మాట. నీకేం పోతుంది?"

"నాకేం పోదులే తల్లీ."

"అమ్మా, నువ్వు?" హుయ్‌లాన్ గొంతు సన్నబడింది. "చిన్నప్పట్నుంచీ నీ ముద్ర నా మెళ్ళో వేలాడుతోంది. నృత్య బృందంలో ఎప్పుడూ వెనక వరస. సైన్యంలో టెలిఫోను పనికి రాస్తే తిప్పి పంపేశారు. నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"అనలేదు."

"ఇప్పుడంటున్నాను. నాకు చెల్లెలు లేదు. ఎవరడిగినా అదే చెబుతాను. పుట్టలేదు, నేను చూడలేదు."

"నీకు గుర్తులేదా హుయ్‌లాన్?" అంది వాన్‌జెన్. నిందిస్తూ కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

పిల్ల చేతికున్న పట్టీ సర్దుకుంది. "దానికి ముందరి పన్ను కదులుతూ ఉండేది. నన్ను పీకమనేది," అంది. అని, తనే వినకూడనిది విన్నట్టు చేత్తో నోరు మూసుకుని, లోపలి గదిలోకి పరిగెత్తింది.

వాన్‌జెన్ వెనకాల వెళ్ళలేదు. పొయ్యి దగ్గర కూలబడిపోయింది. కూతురి మీద కోపం రానందుకు ఆమెకి తన మీదే కోపమొచ్చింది. కోపం వస్తే ఎంత బాగుండేది. అరిచి, కొట్టి, ఏడ్చి కొంచెం తేలికపడేది.

*

మధ్యాహ్నం అత్తా కోడలూ పెరట్లో తిరగలి రాయి తిప్పుతున్నారు. తవుడు, ఎండిన అడవి ఆకులు, కాస్త జొన్నపిండి. చెరో కర్ర పట్టుకుని రాయి చుట్టూ తిరుగుతున్నారు. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఆ ఇంట్లో మనసు విప్పి ఏదైనా అనుకోవాలంటే ఆ తిరగలి దగ్గరే అనుకోవాలి.

"ఈ పొట్టు ముద్దలు మొదటిసారి చేసినప్పుడు ఏమైందో గుర్తుందా?" అంది ముసలావిడ. "కొసింటి తాత రెండు తిని ఇంకోటి అడిగాడు. 'ఆ ఏడు ఇవే ఉంటే మా ఆవిడ బతికేది' అన్నాడు. పాంగ్ అప్పుడు వినపడనట్టు ఊరుకున్నాడు."

"తాత ఒక్కడితో అన్నాడు అత్తా. మీరు మైకులో అన్నారు."

"అవును, మైకులో అన్నాను."

రాయి గరగరా తిరిగింది.

"నా మీద కోపంగా ఉందా?"

"లేదు."

"ఉంటే చెప్పవే. నీ బిడ్డని నిన్నడగకుండా వీధిలో పెట్టాను."

"మీరు దాని పేరు పలికారు. నేను పలకలేకపోయాను," అంది వాన్‌జెన్. కర్ర మీదికి వంగి రాయిని ఇంకా గట్టిగా నెట్టింది.

ముసలావిడ కాళ్ళు నొప్పి పుట్టి ఆగింది. కొంగుతో చెమట తుడుచుకుంది.

"మీ నాన్న మంచివాడేం కాదు. నేను చెప్పొచ్చు, నేను ఆయన వంటింట్లో పనిచేశాను. కుంచెడు జొన్నల కోసం నా మొగుణ్ణి రోజంతా మంచులో నిలబెట్టాడు. దానికి ఆయన్ని ఎన్ని తిట్లయినా తిడతాను, ఎన్ని వేదికలైనా ఎక్కుతాను. కానీ ఈ పని ఆయన చెయ్యలేదు. చెయ్యని దానికి తిట్టమంటే నోరు రావట్లేదు."

"రావాలి అత్తా."

"నువ్వు వద్దను. ఒక్క మాట వద్దను. ఆపేస్తాను. చేతులు కట్టి నిలబెట్టినా సరే."

వాన్‌జెన్ తిరగలి కర్ర గట్టిగా పట్టుకుంది. ఈ ముసలిది అన్నంత పనీ చేస్తుంది. ఊళ్ళో ఎవరూ భూస్వాముల పిల్లని చేసుకోని రోజుల్లో, భూస్వామి కూతుర్ని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకున్న మనిషి. తను వద్దంటే రేపు ఈ మనిషిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మెడలో పలక వేలాడేస్తారు. హుయ్‌లాన్ మిల్లు ముఖం చూడదు. చెప్పమంటే, షావ్‌మన్ తన బిడ్డ కాకుండా పోతుంది. పుట్టక ముందే చచ్చిన ఎవరి బిడ్డో అవుతుంది.

బతికున్న కూతురు ఒక పక్క, చచ్చిన కూతురు ఒక పక్క. తల్లి ఎటు చూడాలి? ఎటు చూడాలో ఆమెకి తెలుసు. తెలిసినందుకే ఏడుపొచ్చింది.

"చెప్పండి," అంది చివరికి.

"ఏం చెప్పను?"

"షావ్‌మన్ మీ కూతురని చెప్పండి. తడబడకూడదు. ఇప్పుడు నేను అడుగుతాను, మీరు చెప్పండి. షావ్‌మన్ ఎవరు?"

ముసలావిడ ఆమె వైపు తిరిగింది. "నా కూతురు."

"ఎప్పుడు పోయింది?"

"వంటశాల..."

"కాదు."

"పెద్ద కరువప్పుడు. విముక్తికి ముందు."

"ఎవరి వల్ల?"

"వాన్‌జెన్, నా వల్ల కాదే."

"ఎవరి వల్ల అత్తా?"

"షెన్ వల్ల."

"మళ్ళీ చెప్పండి. షావ్‌మన్ ఎవరు?"

అలా పొద్దు వాలేదాకా తల్లే కూర్చుని, తన బిడ్డ తన బిడ్డ కాదని అత్తగారికి పాఠం నేర్పింది. పిండి విసరడం కూడా అయిపోయింది.

*

సభ మర్నాడు పొద్దున్నే కళ్ళంలో పెట్టారు. గోధుమ కోతలకి ఇంకా టైముంది కాబట్టి కళ్ళం ఖాళీగా ఉంది. ఎర్ర గుడ్డ కట్టిన బల్ల, రెండు లౌడుస్పీకర్లు. జనం నేల మీద బారులు తీరి కూర్చుని పొట్టు ముద్దలు నములుతున్నారు. పిల్లలు గొంతు దిగక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పాంగ్ సంతోషించాడు. ముసలివాళ్ళు మాత్రం మారు మాట్లాడకుండా ముక్క మిగల్చకుండా తిన్నారు.

పాంగ్ మొహం కూడా పీక్కుపోయి ఉంది. వాన్‌జెన్ దగ్గరికొచ్చి, పెదాలు కదపకుండా, "నేనూ దీంట్లో ఇరుక్కున్నవాణ్ణే అక్కా. పెద్దమ్మని తెచ్చింది నేనే కదా. దయచేసి గట్టిగా మాట్లాడు," అన్నాడు. ఆమె తల ఊపింది.

కార్యదర్శి వచ్చాడు. పొట్టిగా, ఎర్రగా, ప్రతిదీ శ్రద్ధగా వినే మనిషి. తనూ ఒక ముద్ద తీసుకుని తిన్నాడు. నటించడానికి కాదు, నిజంగానే తిన్నాడు. అది చూసి వాన్‌జెన్‌కి భయం ఇంకా ఎక్కువైంది.

ముసలావిడ వేదికెక్కింది. మొన్నటి మాట అందరికీ తెలుసు. ఈ రోజు ఏమంటుందో వినాలనే పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు.

"నేను ముసలిదాన్ని. మొన్న ఏళ్ళు కలిపేశాను. ఇవాళ సరిగ్గా చెబుతాను," అంది.

చెప్పింది. ఒక్కచోట తడబడలేదు. షావ్‌మన్ చిలగడదుంప తొక్క చప్పరిస్తూ పడుకోవడం చెప్పింది. కాళ్ళు ఉబ్బడం చెప్పింది. "నాన్నమ్మా" అని పిలిచేది అనబోయి, సగంలో "అమ్మా" అని మార్చుకుంది. ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. వాళ్ళలో సగంమందికి అలాంటి పిల్లలే పోయారు, వంటశాల పొయ్యి ఆరిన ఆ ఏడే. వాళ్ళెవరి కోసం ఏడుస్తున్నారో వాళ్ళకి తెలుసు, వాన్‌జెన్‌కీ తెలుసు. వేదిక మీద కూర్చున్న కార్యదర్శి మాత్రం చెప్పిందంతా నమ్మి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"షెన్ గింజ పెట్టలేదు," అంది ముసలావిడ చివర్న. అన్నప్పుడు జనం వైపు చూడలేదు. కోడలి వైపే చూసింది.

నినాదాలు హోరెత్తాయి. అందరికన్నా ముందు లేచిన పిడికిలి హుయ్‌లాన్‌ది.

అప్పుడు వాన్‌జెన్‌ని పిలిచారు. ఆమె మెట్లెక్కింది. మైకు ముందు తల వంచి నిలబడింది.

"షెన్ నా తండ్రి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వీళ్ళు గింజలడగడానికి వచ్చారు. ఆయన పెట్టలేదు. నేను చూశాను."

"గట్టిగా," అన్నాడు పాంగ్.

"బిడ్డ చచ్చిపోయింది."

"ఇంకా గట్టిగా."

"ఆ బిడ్డ ఆకలితో చచ్చిపోయింది," అంది వాన్‌జెన్. అనేసరికి తనకే ఆశ్చర్యమేసింది. ఇన్ని అబద్ధాల మధ్య ఇదొక్కటీ నిజం. పదేళ్ళుగా ఎవరికీ చెప్పలేనిది ఇప్పుడు మైకులో చెబుతోంది, ఎవరూ ఆపట్లేదు. మళ్ళీ అంది. "ఆకలితో చచ్చిపోయింది. ఐదేళ్ళు. అన్నం, అన్నం అంటూ చచ్చిపోయింది." ఏడ్చేసింది. జనం అది పశ్చాత్తాపమనుకున్నారు. కార్యదర్శి కూడా అలాగే అనుకుని, లేచి చప్పట్లు కొట్టాడు.

అయిపోయిందనుకుంది. షౌతియన్ కింద నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు, గండం గట్టెక్కిన మొహంతో. పాంగ్ ఊపిరి వదలడం ఆమెకి వినపడింది.

కార్యదర్శి మైకు తీసుకున్నాడు.

"పెద్దమ్మా, నీ బిడ్డ సమాధి ఎక్కడుంది?"

ముసలావిడ తలెత్తింది. "చిన్నపిల్లలకి సమాధులేమిటి బాబూ? మాలో కట్టరు. తీసుకెళ్ళి ఎక్కడో పెట్టేస్తారు. తల్లికి చోటు కూడా చెప్పరు."

ఆ మాట నిజమే. షావ్‌మన్‌ని ఎక్కడ పెట్టారో వాన్‌జెన్‌కి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. అడిగితే వెళ్ళి అక్కడే కూర్చుండిపోతానని భయం.

"అదే నేనంటున్నది. పేదవాడి బిడ్డకి సమాధి కూడా లేదు. మనం కడదాం. చోటెవరికైనా తెలుసా?"

"చాలా ఏళ్ళయింది బాబూ, నాకు గుర్తు..."

"నాకు తెలుసు," అన్నాడు షౌతియన్.

ముసలావిడ కొడుకుని చూసిన చూపుకి ఇంకెవరైనా అయితే అక్కడే ఆగిపోయేవాడు. షౌతియన్ ఆగలేదు. జన్మలో మొదటిసారి కార్యదర్శి తనని చూస్తున్నాడు. "అమ్మతో నేనే వెళ్ళానండీ. అప్పుడు చిన్నవాణ్ణి. దక్షిణపు కాలవ గట్టు వెనకాల, ఇసక మెరక మీద, బెత్తం పొదల పక్కన."

ఆ బెత్తం పొదల్లోనే వాన్‌జెన్ ప్రతి శీతాకాలం బుట్టలకి కర్రలు కోస్తుంది. ఆ ఇసక మెరక మీద కూర్చుని చద్ది తింటుంది. పదేళ్ళు బిడ్డ పక్కనే కూర్చుని అన్నం తిన్నదన్నమాట.

"వెంటనే వెళ్దాం," అన్నాడు కార్యదర్శి. అతని గొంతు నిజంగా వణుకుతోంది. "జెండాలు తీసుకోండి. ఆ బిడ్డ ఎముకలు తీసి జిల్లా ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో పెడదాం. భూస్వాములు ఏం చేశారో రేపటి పిల్లలు చూడాలి. పారలు తెప్పించండి."

జనం లేచారు. డప్పులు అందుకున్నారు. షౌతియన్ అప్పుడే పనిముట్ల కొట్టు వైపు పరిగెత్తుతున్నాడు.

ముసలావిడ మెట్లు దిగుతూ తూలింది. వాన్‌జెన్ పట్టుకుంది.

"వాన్‌జెన్, తవ్వనివ్వకే."

"ఎముకలే కదత్తా. ఎముకల మీద ఏళ్ళుంటాయా?"

"ఎముకల మీద ఉండవు. గుడ్డ మీద ఉంటాయి." ముసలావిడ ఆమె చెవిలో నోరు పెట్టి చెప్పింది. "ఆ రోజు ఇంట్లో చింకిపాత కూడా లేదు. కుక్కలు వాసన పసిగడతాయని, వంటశాల బండి మీద కప్పే నీళ్ళు దిగని నూనె గుడ్డ కోసి తెచ్చి దాంట్లో చుట్టాను. దాని మీద అచ్చేసుంది, కమ్యూన్ పేరూ, ఆ సంవత్సరమూ. ఇంతింత ఎర్ర అక్షరాలు. చీకట్లో వాడు చూసి ఉండడు."

"ఇన్నేళ్ళలో కుళ్ళిపోయి ఉంటుంది."

"కుళ్ళదు. కుళ్ళదనే కదే అది తెచ్చాను."

విముక్తికి ముందు ఈ దేశంలో కమ్యూన్ అన్న మాటే లేదు. ఆ గుడ్డ ఒక్కసారి ఎండలో పరిస్తే చాలు, అత్త లేదు, హుయ్‌లాన్ లేదు, తను లేదు. తవ్వకూడదు. తవ్వకూడదని ఒళ్ళంతా మొత్తుకుంటోంది. ఆ మొత్తుకోళ్ళ కిందే ఇంకో కోరిక. చూడాలి. ఒక్కసారి, ఏమీ మిగలకపోయినా సరే, ఆ గుడ్డలో ఉన్నదాన్ని చేత్తో తాకాలి.

షౌతియన్ రెండు పారలు భుజాన వేసుకుని, రొప్పుతూ వచ్చాడు. ముందు నడవడానికి తయారుగా ఉన్నాడు.

వాన్‌జెన్ అతనికి అడ్డంగా నిలబడి ఒక పార లాక్కుంది. ఆ గుడ్డ ముందు తన చేతికే తగలాలి.

"ఏమిటిది?" అన్నాడు.

ఆమె కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, జనం అందరికీ వినపడేలా అంది. "ఇది నా తండ్రి చేసిన పాపం. పేదవాళ్ళ చేత ఆ మట్టి ఎందుకు తవ్వించడం? నేను తవ్వుతాను. నేనొక్కదాన్నే తవ్వుతాను."

కార్యదర్శి ఆమెని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది.

"సరైన మాట. భూస్వామి కూతురే తవ్వాలి. మనం చుట్టూ నిలబడి చూద్దాం. పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టండి, వాళ్ళకి బాగా కనపడాలి," అన్నాడు.

పిల్లలు తోసుకుంటూ ముందుకొచ్చారు. వాళ్ళని వరస కట్టించమని హుయ్‌లాన్‌కి పురమాయించారు. వాన్‌జెన్ పార భుజాన వేసుకుని, డప్పుల ముందు, దక్షిణపు కాలవ గట్టు వైపు నడవసాగింది.